బొటనవేలి కొసరు

మొన్న పటమటలో ఒక బట్టల కొట్టుకి వెళ్లాను, కిటికీ తెరలకి గుడ్డ కావలసి వచ్చి. కొట్లో అమ్మాయి మీటరు కర్రతో చకచకా కొలిచింది. గీత దగ్గర కత్తెర పెట్టి, ఒక్క దారం అటూ ఇటూ పోకుండా కోసి, మడత పెట్టి నా చేతికిచ్చింది. నేను కదలకుండా నిలబడే ఉన్నాను. "ఇంకేమన్నా కావాలాండీ?" అంది. "ఏం లేదమ్మా" అన్నాను. ఎందుకు ఆగానో నాకే వెంటనే తెలియలేదు. మెట్లు దిగి, మోకాళ్ల నొప్పికి అక్కడే కాసేపు గోడ పట్టుకుని నుంచున్నాక తెలిసింది. కొసరు కోసం ఆగాను. ఇవాళ ఆ మాట అడిగితే ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసి ఉండేది.

కొసరు అంటే నాకు ఒకే ఒక్క మనిషి గుర్తొస్తారు. పేరు చెప్పను. చెప్పినా ఆ వీధిలో ఇప్పుడు ఆ పేరు ఎరిగినవాళ్లు ఉండరు. మేమంతా బాబాయిగారనే పిలిచేవాళ్లం.

నేను చెప్పేది విజయవాడని అందరూ బెజవాడ అంటున్న రోజుల సంగతి. మా నాన్నగారు తాలూకా ఆఫీసులో గుమాస్తా. వన్ టౌనులో మేమున్న ఇంటికి సరిగ్గా ఎదురుగా బాబాయిగారి బట్టల కొట్టు, దాని వెనకే వాళ్ల కాపురం. పామర్రు దగ్గరి పల్లెలో నేతపని చేసిన కుటుంబం వాళ్లది. యుద్ధం రోజుల్లో నూలు దొరక్క మగ్గం ఆగిపోతే, ఆయన పెళ్లాన్నీ తమ్ముణ్ణీ వెంటబెట్టుకుని బెజవాడ వచ్చి ఈ కొట్టు పెట్టుకున్నారు.

పొద్దున్నే అలిసిపోయిన మనిషిని నా జన్మలో ఆయన్నొక్కరినే చూశాను. కొట్టు తలుపులు తీసి, దేవుడి పటానికి దణ్ణం పెట్టి, తెల్ల పరుపు మీద కూలబడి "అమ్మయ్య" అనేవారు, అప్పుడే ఏదో పెద్ద పని ముగించినట్టు. "ఏం బాబాయిగారూ, అప్పుడే అలిసిపోయారా?" అంటే, "చిన్నప్పుడు అలిసిందమ్మా ఇది, ఇంకా తీరలేదు" అనేవారు. ఏళ్ల తరబడి గుంటమగ్గంలో కాళ్లు దించుకుని కూర్చున్న మోకాళ్లు ఆయనవి. పైనున్న తాను దించమంటే ముందు దాని వంక ఒకసారి జాలిగా చూసి, తర్వాత లేచేవారు. బేరం ఆడేవాళ్లతో వాదించే ఓపిక కూడా ఉండేది కాదు. "కానీండి, మీరన్నట్టే కానీండి" అనేసేవారు. కొట్టు ఎలా నడిచేదో పిన్నిగారికే తెలియాలి.

గుడ్డ కొలవడం మొదలుపెడితే మాత్రం ఆ నీరసం ఎటు పోయేదో. కుడిచేతిలో ఇనప గజంబద్ద. గజం ముగిసినచోట ఎడమచేతి బొటనవేలు గుడ్డ మీద నొక్కి పట్టేవారు. తర్వాతి గజం ఆ వేలు దగ్గర కాదు, వేలు దాటాక మొదలయ్యేది. అంటే గజానికీ గజానికీ మధ్య ఒక బొటనవేలంత గుడ్డ లెక్కలోకి రాకుండా కొనేవాళ్లకి పోతుంది. అదీ ఆయన కొసరు. మిగతా కొట్లవాళ్లు అంతా కొలిచాక చివర్లో కాస్త వదిలేవారు, అదీ నోరు తెరిచి అడిగితే. ఈయనకి అడగక్కర్లేదు. పైగా ఆ వేలు మామూలు వేలా? నేతగాడి వేలు, కాయలు కాసి అంగుళం పైన ఉండేది.

"అంతంత వదిలితే ఎలాగండీ?" అని మా నాన్నగారు ఒకసారి అడిగారు.

"బద్ద కొలవాల్సింది బద్ద కొలుస్తది. నేను కూడా ఏదో ఒకటి ఇవ్వాలి గదండీ, గుమాస్తాగారూ. ఊరికే బద్ద పట్టుకుని కూర్చుంటానా?" అన్నారు.

ఒక్క గుడ్డకి మాత్రం కొసరు ఉండేది కాదు. ఎవరైనా పోయారని తెల్లగుడ్డకి వస్తే ఆయన లేచి నిలబడి కొలిచేవారు. బొటనవేలు అరచేతిలోకి మడిచేసుకుని, చూపుడువేలి గోటితో గీత గీసి, గజం పక్కన గజం అతికినట్టు పెట్టేవారు. చిన్నప్పుడు నేను ఆ తేడా కనిపెట్టి అడిగాను. "దానికి వెయ్యకూడదమ్మా. కొసరంటే మళ్లీ రండి అని. చావుగుడ్డకి వేస్తే, పాపం, వాళ్లింటికి మళ్లీ అదే పని రావాలని కోరినట్టు గదా" అన్నారు.

కంట్రోలు రోజుల్లో ఈ పద్ధతి ఆయన ప్రాణం మీదికి తెచ్చింది. అప్పట్లో గుడ్డ మనిషికింత అని సర్కారువాళ్లు కొలిచి ఇప్పించేవారు. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు కాసేపు పక్కన కూర్చుని చూసి, "ఆ వేలు తియ్యవయ్యా, అంగుళం కూడా ఎక్కువ పోకూడదు" అని కసిరాడు. మేమంతా మా అరుగు మీంచి చూస్తున్నాం. బాబాయిగారు వేలు మడిచారు. ఒక గజం కొలిచారు. తర్వాత బద్ద కింద పెట్టి, ఎదురుగా పసిబిడ్డనెత్తుకుని నిలబడ్డ మనిషిని చూపించి, "బతికున్నోళ్లకి చావుగుడ్డ కొలిచినట్టు కొలవమంటారేంటండీ? నా వల్ల కాదు, మీరే కొలుచుకోండి" అన్నారు. ఆ పూట కొట్టు మూయించారు. మర్నాడు మళ్లీ తెరిచారు. వేలు మళ్లీ వచ్చి గుడ్డ మీద కూర్చుంది.

ఇక నా సంగతి చెప్పాలి, చెప్పకపోతే ఆయన సంగతి సగమే అవుతుంది. నాకు అప్పుడు పద్దెనిమిది నిండలేదు. ఆడపిల్లల హైస్కూల్లో చదువుతున్నాను. మనిషిని బలంగా ఉండేదాన్ని. గంగాళం నిండా నీళ్లు ఒక్కదాన్నే ఎత్తేదాన్ని. మా స్కూలుకి ఎక్కడినుంచో ఒక ఇనపగుండు వచ్చింది, దాదాపు మూడు వీశెలు, ఇప్పటి లెక్కలో నాలుగు కిలోలు, తూగేది. దాన్ని మెడ దగ్గర ఆనించి, పక్కకి తిరిగి, ఒక్క ఊపున ముందుకి తొయ్యాలి. మిగతా పిల్లలు చచ్చీచెడీ వాళ్ల కాళ్ల దగ్గరే పడేసుకునేవారు. నాది ఎటో వెళ్లి కంచె దగ్గర పడింది. ఆ రోజు నుంచి నాకు అదే లోకమైంది. ఇంట్లో గుండు లేదు కాబట్టి మా అమ్మ రుబ్బురోటి పొత్రం పెరట్లో విసిరేదాన్ని. "పప్పు నానబోశాను, పొత్రం ఎక్కడే?" అని అమ్మ రోజూ అరిచేది.

లండన్లో ఒలింపిక్ పోటీలు జరిగాయని, అందులో మొట్టమొదటిసారిగా ఆడవాళ్లకి కూడా గుండు విసిరే పోటీ పెట్టారని మాకు చెప్పింది బాబాయిగారే. కొట్లో పేపరు చదువుతూ "అమ్మడూ, ఇట్రా!" అని కేకేశారు. అంత ఉత్సాహంగా ఆయన గొంతు నేనెప్పుడూ వినలేదు. పేపర్లో రెండు మూడు ముక్కలే ఉన్నాయి. ఆయన మాత్రం చూసొచ్చినవాడిలా మాట్లాడారు.

"చీర కట్టుకునే విసిరారంటావా?"

"లాగులు వేసుకుంటారటండీ."

"అట్టాగా. చలిదేశం గదా పాపం, మోకాళ్లు పట్టేయవూ? గెలిచినావిడ ఎంత దూరం వేసిందో చూశావా? అడుగుల్లో ఇస్తే నాకు తెలవదు. ఉండు, కొలుద్దాం."

గజంబద్ద తీసుకుని వీధిలోకి దిగారు. కొట్టు గడప దగ్గర మొదలుపెట్టి, మోకాళ్ల మీద కూర్చుంటూ లేస్తూ, నేలమీద బద్ద పెట్టుకుంటూ వెళ్లారు. ఎడ్లబండి ఒకటి ఆగిపోయింది. సోడా కొట్టతను సీసాలు వదిలేసి చూస్తున్నాడు. నేను పక్కనే నడుస్తూ ఆయన చెయ్యి చూసి నవ్వాపుకోలేకపోయాను. నేలమీద కూడా గజానికీ గజానికీ మధ్య బొటనవేలు.

"బాబాయిగారూ, ఆవిడక్కూడా కొసరేనా?"

ఆయన తల ఎత్తి, చెమట తుడుచుకుంటూ, "పరాయిదేశపు ఆడపిల్లమ్మా. అంత దూరం మోసుకొచ్చి పడేసింది. మన వీధికొచ్చాక తక్కువ చేస్తామా?" అన్నారు.

చివరికి లండన్ ఆవిడ గుండు మా వీధిలో సోడా కొట్టు దాటి పడింది. అక్కడ గోడ మొదట్లో తమలపాకు సున్నంతో గుర్తు పెట్టారు. ఆ తర్వాత రోజూ సాయంత్రం నేను కొట్టు గడప దగ్గర నిలబడి ఆ సున్నపు బొట్టుకేసి చూసేదాన్ని. ఎంత దూరం! నా పొత్రం అందులో మూడింట రెండొంతులు పోతే గొప్ప. అయినా అంత దూరం విసిరినవాళ్లు కూడా ఆడవాళ్లే కదా అని ఏదో ధైర్యంగా ఉండేది.

స్వాతంత్ర్యం వచ్చి ఏడాది నిండిన రోజున బందరు కాలవ పక్క మైదానంలో ఆడపిల్లలకి ఆటల పోటీలు పెట్టారు. లండన్ సంగతి విన్న హుషారులో గుండు కూడా కలిపారు. మద్రాసులో ఆడవాళ్లకి డ్రిల్లు టీచరు శిక్షణ ఇచ్చే చోటినుంచి ఒక పెద్దావిడ వచ్చింది. గుండు పది గజాలు దాటించిన పిల్ల ఉంటే మద్రాసు తీసుకెళ్లి, తిండీ బసా చూసి, శిక్షణ ఇచ్చి టీచర్ని చేస్తామని మా స్కూలు పెద్ద టీచరమ్మతో చెప్పింది. పది గజాలు నాకు అందేదే. స్కూల్లో ఒకటి రెండుసార్లు అందింది కూడా.

ముందురోజు నాన్నగారు నన్ను పిలిచి కూర్చోబెట్టారు. కోపంగా ఏం లేరు, ఆయనా అలిసిపోయిన మనిషే. "దాటితే వెళ్లు. నేను అడ్డు చెప్పను, మీ అమ్మకీ నేనే సర్దిచెబుతాను. దాటకపోతే మాత్రం ఇక ఆ గుండు మాట ఎత్తకు తల్లీ. అందరికీ జవాబు చెప్పలేకపోతున్నాను" అన్నారు. సరేనన్నాను.

ఆ రోజు వాన పడుతూ ఆగుతూ ఉంది. నల్లనేల బురదైంది. ముగ్గుపిండితో గిరి గీశారు. ఆ గిరిలోనే నిలబడి విసరాలి, గీత తొక్కితే లెక్కలోకి రాదు. మా పిల్లలెవరూ తొక్కలేదు. ముగ్గు తొక్కకూడదని పుట్టినప్పటినుంచీ నేర్పిన కాళ్లు మావి. ఓణీ నడుం చుట్టూ బిగించి కట్టుకుని చివరి గుండు నేనెప్పుడూ విసరనంత బాగా విసిరాను. చెయ్యి వదిలినప్పుడే తెలిసిపోయింది. గుండు వెళ్లి బురదలో సగం దాకా దిగబడింది.

కొలవబోతే ఓవర్సియరు తెచ్చిన గుడ్డ టేపు వానకి నాని సాగిపోయి ఉంది. మద్రాసావిడ దాన్ని పట్టుకుని లాగి చూసి, "దీన్ని నేను నమ్మను" అంది. జెండాల గుడ్డలూ తోరణాల గుడ్డలూ ఇచ్చింది బాబాయిగారే కాబట్టి ఆయన అక్కడే, ఒక మూల, చంకలో గజంబద్దతో ఉన్నారు. అందరూ ఒక్కసారిగా "ఆయన్ని పిలవండి!" అన్నారు. ఇనప బద్ద, వానకి సాగేది కాదు, కుంచించుకుపోయేది కాదు. మద్రాసావిడ సరేనంది. నా పక్కనున్న పిల్ల నన్ను గిల్లి, "ఆ చేత్తో కొలిస్తే తక్కువ రావడమంటూ ఉంటుందా? నీ పెట్టె సర్దుకో" అంది. నేనూ నవ్వాను. నాకూ అదే ధీమా.

ఆయన గిరి అంచున బద్ద పెట్టి మొదలుపెట్టారు. మోకాళ్లు బురదలో దిగుతున్నాయి. ప్రతి గజానికీ వేలు నొక్కి, వేలు దాటించి, మళ్లీ బద్ద. అందరం చూస్తూనే ఉన్నాం. చదువుకున్నవాళ్లం, చదువుకోనివాళ్లం, మద్రాసునుంచి వచ్చినవాళ్లం, ఒక్కరికీ ఏమీ తట్టలేదు. తొమ్మిది గజాలు అయ్యాయి. పదో గజం గుండు పడ్డ గుంట దాటి అవతలికి పోయింది. మద్రాసావిడ వంగి చూసి, చెయ్యి చాపి పెట్టి, "జానెడు తక్కువ" అంది.

బాబాయిగారు అలాగే బురదలో కూర్చుండిపోయారు. "ఇంకోసారి కొలవనా అమ్మా?" అన్నారు. కొలిచారు. అదే చెయ్యి, అదే వేలు, అదే జానెడు.

ఇంటికెళ్తుంటే వెనకనుంచి ఎవరో అంటున్నారు: "అంత ధర్మంగా కొలిచే మనిషి కొలిచినా చాల్లేదంటే ఇంకేం చెప్తాం?" నాకూ అదే అనిపించింది. అమ్మ పొత్రం కడిగి రోట్లో పెట్టింది. ఎంత దుఃఖం వచ్చిందో చెప్పలేను. ఏడవడానికి కూడా చోటు లేని ఇల్లు మాది. దొడ్లో కాగు వెనక కూర్చుని ఏడ్చాను.

కొన్నాళ్లకి అమ్మ దారపుండ తెమ్మంటే కొట్టుకి వెళ్లాను. ఇబ్రహీంపట్నం నుంచి వచ్చిన ఒక రైతు ఇంటావిడ దుప్పట్ల గుడ్డ కొలిపించుకుంటోంది. నోరున్న మనిషి. వేలు లెక్కపెట్టుకుంటూ చూసి, నవ్వుతూ, "ఏంటండీ శెట్టిగారూ, ఇట్టా వేలుకి వేలు వదిలేస్తే మీరు కొట్టు కట్టేసుకోవాల్సిందే. మీ లెక్కకి పది గజాలే గానీ నాకు జానెడు ఎక్కువొచ్చింది!" అంది.

బాబాయిగారు "ఆఁ, పోన్లెండి..." అని ఆగిపోయారు. వేలు గుడ్డ మీదే ఉంది. దాన్ని చూశారు. తర్వాత తల తిప్పి నన్ను చూశారు.

"జానెడా?" అన్నారు ఆవిడతో.

"జానెడుకి పైనే. కావాలంటే మళ్లీ కొలుచుకోండి."

ఆవిడకి గుడ్డ కోసిచ్చి పంపించేశారు. తర్వాత బద్ద పరుపు మీద పెట్టి, వేలు పక్కన పెట్టి నాకు చూపించారు. "ఇటు చూడమ్మా. గుడ్డ ఇచ్చేటప్పుడు ఈ వేలు అవతలోళ్లకి కలిసొస్తది. లెక్క పదే, గుడ్డ పదికి ఎక్కువ. మరి నేల కొలిస్తే? నువ్వు వేసింది ఎక్కువ, నా లెక్కకి వచ్చింది తక్కువ. మధ్యలో వేళ్లన్నీ లెక్కలో పడకుండా పోయినయ్యి." ఆ వేలిని కుడిచేత్తో మూసేశారు. "ఎక్కడో లండన్లో ఉన్నావిడకి కలిపిచ్చాను తల్లీ. నా కళ్లముందు పెరిగిన పిల్లవి, నీ దగ్గర కోసేశాను."

నాకు కోపం రాలేదు. వస్తే బాగుండేదేమో. ఆయన పక్కనే పరుపు మీద కూర్చుండిపోయాను. అది కొనేవాళ్లు కూర్చునే చోటు కాదని కూడా గుర్తులేదు.

ఆ సాయంత్రమే ఆయన మా ఇంటికి వచ్చి నాన్నగారికి అంతా చెప్పారు. ముగ్గురం మైదానానికి వెళ్లాం. మధ్యలో ఎండ కాసింది. నల్లనేల గట్టిపడి, గుండు పడ్డ గుంట పడ్డట్టే ఎండిపోయి ఉంది, చిన్న గిన్నె లాగా. మిగతా గుంటలన్నీ దానికి బాగా ఇవతలే ఉన్నాయి కాబట్టి అది నాదేనని సందేహం లేదు. కానీ గిరి లేదు. ముగ్గు పోటీలనాటి రాత్రి వానకే కొట్టుకుపోయింది.

"ఎక్కడ నుంచున్నావమ్మా? నీ కాళ్లకి గుర్తుండదా?" అన్నారు బాబాయిగారు.

అటూ ఇటూ తిరిగి, కాలవ గట్టునీ జెండా కర్రనీ చూసుకుని, ఒకచోట నిలబడ్డాను. అక్కడేనని ఇప్పటికీ నమ్ముతాను. ఆయన నా కాలి ముందు బద్ద పెట్టారు. అప్పుడు చూశాను ఆయన ఎడమచెయ్యి. బొటనవేలు అరచేతిలోకి మడిచి, మిగతా వేళ్లు దానిమీద బిగించారు. చూపుడువేలి గోటితో నేలమీద గీత గీసి, ఆ గీతకి ఆనించి మళ్లీ బద్ద. చావుగుడ్డ కొలిచినట్టు కొలిచారు. బతికున్న మనిషికి ఆయన అలా ఆఖరిదాకా కొలవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

పదో గజం ముగిసినచోట గీత గీసి ఆయన వెనక్కి జరిగారు. గుంట ఆ గీతకి అవతల ఉంది. ఎంతో కాదు, రెండు వేళ్ల మందం.

"దాటిందండీ, గుమాస్తాగారూ" అన్నారు బాబాయిగారు నేలమీద కూర్చునే. నాన్నగారు వంగి చూశారు, చాలాసేపు చూశారు. "దాటింది" అన్నారు.

మర్నాడు ఇద్దరూ పెద్ద టీచరమ్మ దగ్గరికి వెళ్లారు, నన్ను వెంటబెట్టుకుని. ఆవిడ చెడ్డ మనిషి కాదు. అంతా విని, తల పట్టుకుంది. "గిరి ఏదండీ? గిరి లేకుండా ఎక్కడినుంచి కొలిచారని అడిగితే నేనేం చెప్పను? ఆరోజు మీరే రెండుసార్లు కొలిచి జానెడు తక్కువన్నారు. ఇవాళ మీరే ఎక్కువంటున్నారు. మద్రాసులో ఈ యేటికి పిల్లల్ని తీసేసుకున్నారు కూడా. వచ్చే యేడు చూద్దాం" అంది. బాబాయిగారు తన బొటనవేలు చూపించబోయి, మళ్లీ చెయ్యి దించేసుకున్నారు. ఆ వేలు సాక్ష్యానికి పనికిరాదని ఆయనకే తెలిసినట్టుంది.

వచ్చే యేడు నాన్నగారికి ఉద్యోగం అయిపోయింది. ఉబ్బసం ఎక్కువైంది. వాళ్లనీ వీళ్లనీ పట్టుకుంటే పటమటలో చిన్నపిల్లల బడిలో నాకు పంతులమ్మ పని దొరికింది. మద్రాసు మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఎవరిమీదా పంతం కాదు. అంత ఓపిక లేకపోయింది.

ఆ తర్వాత బాబాయిగారు మరీ డీలాపడిపోయారు. మధ్యాహ్నాలు తానులకి ఆనుకుని కళ్లు మూసుకునేవారు. నేను రవికెల గుడ్డకి వెళితే ఎప్పటిలా వేలువేలుకి వదులుతూ కొలిచేవారు, అంతా అయ్యాక కత్తెర పెట్టబోయి, ఆగి, ఇంకో జానెడు అవతలికి జరిపి కోసేవారు. నా మొహం చూసేవారు కాదు. "ఎందుకు బాబాయిగారూ ఇంత?" అంటే, "ఉండనీ" అనేవారు. ఆ జానెడు ముక్కలన్నీ పోగుచేసి మా అమ్మ చేతిసంచులు కుట్టింది. వీధిలో సగం మంది మా చేతిసంచులతోనే బజారుకెళ్లేవారు.

లండన్ ఆవిడ గుర్తు సోడా కొట్టు గోడ మొదట్లో చాన్నాళ్లు ఉంది. ఒకరోజు నేనే అన్నాను, "అది కూడా తప్పు గుర్తే కదా, ఇటు జరపాలేమో" అని, కాస్త నవ్విద్దామని. ఆయన దానికేసి చూసి, "పోన్లేమ్మా. ఇచ్చిందాన్ని వెనక్కి లాక్కుంటామా?" అన్నారు. కాస్త నవ్వారు కూడా.

మరుసటి యేడు చలికాలంలో పోయారు. కొట్లోనే, తానులకి ఆనుకుని. ఎప్పుడూ అలాగే కూర్చుంటారు కాబట్టి నిద్రపోతున్నారనే అనుకున్నారట. గుడ్డకి వచ్చిన ఒకాయన ఆయన్ని లేపడం ఎందుకని చాలాసేపు కూర్చుని వెళ్లిపోయాడట కూడా. నాకు బడిలో కబురు తెలిసి పటమట నుంచి నడుచుకుంటూ వచ్చేసరికి కొట్టు ముందు జనం ఉన్నారు. ఆయన్ని కింద చాప మీద పడుకోబెట్టారు. ఆ మొహంలో మొదటిసారి అలసట లేదు. అది చూసే నాకు ఏడుపు ఆగలేదు.

తెల్లగుడ్డ కావాలన్నారు ఎవరో. ఇంకో కొట్టు నుంచి తెస్తామంటే పిన్నిగారు ఒప్పుకోలేదు. "ఇన్ని తానులు పెట్టుకుని ఆయన పరాయి కొట్టు గుడ్డలో పోవాలా?" అంది. ఆయన తమ్ముడు తాను దించి, బద్ద చేతిలోకి తీసుకుని, ఒక గజం కూడా కొలవలేక వలవలా ఏడుస్తూ కూలబడ్డాడు. అప్పుడు పిన్నిగారు గుమ్మంలో నిలబడ్డ నన్ను చూసింది.

"అమ్మడూ, నువ్వు కొలువు. ఆయన చెయ్యి నువ్వే బాగా చూశావు."

అందరూ దారిచ్చారు. లోపలికి వెళ్లి గుడ్డ పరిచాను. బద్ద చల్లగా, బరువుగా ఉంది. ఒక గజం కొలిచాను. ముగిసినచోట ఎడమచెయ్యి పెట్టాను. తమ్ముడు తల ఎత్తి నా చెయ్యి చూసి, "వేలు మడవాలమ్మా. దీనికి కొసరు వెయ్యకూడదనేవాడు అన్నయ్య" అన్నాడు.

నాకూ తెలుసు. ఎందుకు వెయ్యకూడదో విన్నాను, కొసరంటే మళ్లీ రండి అనడమేనని కూడా ఆయన నోటినుంచే విన్నాను.

"మడవను" అన్నాను.

బొటనవేలు గుడ్డ మీద నొక్కిపెట్టి, వేలు దాటాక రెండో గజం మొదలుపెట్టాను. పిన్నిగారు తలుపు పట్టుకుని నా చేతినే చూస్తూ నిలబడింది. ఉన్న గజాలన్నీ అలాగే కొలిచి, చివర కత్తెర పెట్టబోయి, ఆగి, ఇంకో జానెడు అవతలికి జరిపి కోశాను.